‘దాప్’: చైనావారు చేయని చైనా అక్షరం

మీరు అడిగింది ఇదీ: పాత కొరియన్ భూమి పత్రం ఫొటో ఒకటి మీ చేతికి వచ్చింది. అందులో విస్తీర్ణం అంకెకు ముందు ఒక చైనా అక్షరం ఉంది. మీతో పనిచేసే చైనా దేశస్థుడు దాన్ని చూసి “ఇది మా భాషలో లేదు, ఎవరో తప్పుగా రాశారు” అన్నారు. కొరియన్ నిఘంటువు మాత్రం ‘దాప్’ అని చదివి, మాగాణి భూమి అని అర్థం చూపించింది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, అసలు ఆ అక్షరం ఎక్కడ పుట్టింది?

నిఘంటువునే నమ్మండి. మీ సహోద్యోగి మాటలో సగం నిజం ఉంది. అది నిజంగానే చైనాలో పుట్టలేదు. తప్పు రాత మాత్రం కాదు. చైనా అక్షరాల ముక్కలు తీసుకుని కొరియా ద్వీపకల్పంలోనే జోడించి చేసిన అక్షరం అది. అలాంటివాటిని కొరియన్‌లో ‘గుక్‌జా’ అంటారు, అంటే దేశీయాక్షరాలు. కొరియన్ దస్తావేజులు అనువదించే పనిలో నాకు ఎక్కువసార్లు ఎదురయ్యే గుక్‌జా ఇదే. కొరియాలో చైనా అక్షరాలను ‘హాన్‌జా’ అని పిలుస్తారు కాబట్టి ఇక్కడినుంచి నేనూ ఆ మాటే వాడతాను.

ముందు ఆకారం. అక్షరంలో రెండు భాగాలున్నాయి. కింద నాలుగు గదుల కిటికీ లాంటి పెట్టె. అది ‘పొలం’ అనే అక్షరం. చైనా లిపిలో అతి పాతవాటిలో ఒకటి. మూడువేల ఏళ్లకు పైబడిన శకున ఎముకల మీద, అంటే తాబేటి చిప్పల మీద, పశువుల ఎముకల మీద చెక్కిన రాతల్లోనే అది కనిపిస్తుంది. గట్లతో విభజించిన నేలకు నేరుగా గీసిన బొమ్మ అది. పైన ఉన్నది ‘నీరు’: మధ్యలో నిలువుగా ప్రవాహం, రెండు పక్కలా చిందులు. నీటికి నాలుగు గీతలు, పొలానికి ఐదు, మొత్తం తొమ్మిది. నీరు పైన, పొలం కింద. అర్థం అడగకుండానే తెలిసిపోతుంది. ఇంత సులువైన జోడింపు చైనావారికి ఎందుకు తట్టలేదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

తట్టకపోవడం కాదు, అవసరం పడలేదు. చైనా లిపి పుట్టిన పసుపునది పరీవాహకంలో ప్రధాన పంట వరి కాదు, కొర్ర, వరిగ లాంటి చిరుధాన్యాలు. ‘పొలం’ అంటే వాళ్లకు సహజంగా మెట్ట పొలమే. దక్షిణాన వరి పండే నేలల గురించి రాయాల్సి వచ్చినప్పుడు ‘నీటి పొలం’ అని రెండు అక్షరాలు రాసుకున్నారు. దానికి ఎదురుగా మెట్టను ప్రత్యేకంగా చెప్పాలంటే ‘తెల్ల పొలం’ అనేవారు. నీళ్లు నిలవని నేల ఎండి తెల్లబారి కనిపిస్తుంది కదా, అందుకు. 3వ శతాబ్దపు చైనా అధికారి ఫు షువాన్ చక్రవర్తికి పంపిన విన్నపంలో తెల్ల పొలం దిగుబడినీ నీటి పొలం దిగుబడినీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. ముడిసరుకు చైనాదేనని దీన్నిబట్టి తెలుస్తోంది. రెండు అక్షరాలను ఒకటిగా అతికించిన పని మాత్రం కొరియాలో జరిగింది.

జపాన్‌లో కథ తలకిందులైంది. అక్కడ వరిదే రాజ్యం. అందుకని ‘పొలం’ అక్షరం దానంతటదే వరి మడికి స్థిరపడింది. జపనీయులు దాన్ని ‘త’ అని చదువుతారు. మన రోడ్ల మీద తిరిగే తొయోట, హోండా బండ్ల పేర్లలో చివర ఉన్న ‘ట’, ‘డా’ అదే. ఆ రెండు వ్యాపారాలు మొదలుపెట్టినవారి ఇంటిపేర్లవి: ఒకటి సమృద్ధి గల వరి పొలం, రెండోది అసలైన వరి పొలం. మెట్టకు అక్కడ కొత్త అక్షరాలు కావలసి వచ్చాయి. నిప్పు, పొలం కలిపి ఒకటి (పోడు కాల్చి చేసే సాగును గుర్తుచేస్తుంది), తెలుపు, పొలం కలిపి మరొకటి. రెండింటినీ ‘హతకె’ అనే చదువుతారు.

కొరియాలో రెండు రకాల నేలా పక్కపక్కనే ఉంది. నైరుతి మైదానాల్లో వరి, ఉత్తరాన, కొండవాలుల్లో మెట్ట పంటలు; అగ్నిపర్వత శిల నీటిని నిలవనివ్వని జెజు ద్వీపంలోనైతే వరి మడులు చాలా అరుదు. కొరియాలో ‘పొలం’ అక్షరం చైనాలో లాగే మెట్టకు మిగిలింది. దాన్ని ‘జొన్’ అని పలుకుతారు. దాని దేశి మాట ‘బాత్’. మాగాణికి మన ‘దాప్’ వచ్చింది. దాని దేశి మాట ‘నోన్’. కాబట్టి ఒకే నాలుగు గదుల పెట్టె కొరియా కాగితం మీద మెట్ట, జపాన్ కాగితం మీద మాగాణి. తూర్పు ఆసియా పాత భూమి పత్రాలు చదివేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇదే. లేకపోతే ఒక దేశపు లెక్కలు ఇంకో దేశపు కళ్లతో చదివి పంటలన్నీ తారుమారు చేస్తారు.

ఇక పుట్టుక దగ్గరికి వద్దాం.

ఇప్పటివరకు తెలిసినంతలో ఈ అక్షరం కనిపించే అతి పాత చోటు దక్షిణ కొరియా ఆగ్నేయ భాగంలోని చాంగ్‌న్యోంగ్ పట్టణంలో ఉంది. అప్పటి కొరియా రాజ్యాల్లో ఒకటైన సిల్లాను ఏలిన రాజు జిన్‌హుంగ్ (పాలన 540–576) వేయించిన శాసనం అది. క్రీ.శ. 561లో, కొత్తగా తన ఏలుబడిలోకి వచ్చిన గయా ప్రాంతంలో, రాజు తన అధికారులందరినీ పోగుచేసి నిలబెట్టిన రాయి. మరుసటి ఏడే, 562లో, గయా రాజ్యాల్లో చివరిదైన దేగయా కూడా సిల్లా చేతికి చిక్కింది. ఈ రాయి హ్వవాంగ్ కొండ దిగువన 1914లో బయటపడింది; 1924లో ఊళ్లోకి తరలించారు. చాలా అక్షరాలు అరిగిపోయాయి. చదవగలిగిన భాగంలో పాలన కింద చూసుకోవలసిన వనరులను చెప్పే వరుస ఒకటుంది: తెల్ల పొలం, ఆ వెంటనే మన ‘దాప్’, తర్వాత కొండలు, ఉప్పు, నదులు.

ఆ వరుసలో గమనించవలసింది ఏమిటంటే, మెట్టను ‘తెల్ల’, ‘పొలం’ అని రెండు అక్షరాలుగా చెక్కారు, మాగాణిని మాత్రం ఒకే అక్షరంగా చెక్కారు. శాసనాలు పైనుంచి కిందికి నిలువుగా రాసేవారు. నీరు, దాని కింద పొలం రాస్తే ఆ రెండూ ఎలాగూ ఒకదాని కిందే ఒకటి వస్తాయి. రోజూ ఇవే మాటలు రాసే లేఖకుడి చేతిలో మధ్య ఖాళీ తగ్గుతూ తగ్గుతూ చివరకు మాయమవుతుంది. ఈ అక్షరాన్ని ఎవరో పండితుడు కూర్చుని ఆలోచించి కనిపెట్టలేదనీ, లెక్కలు రాసేవాళ్ల తొందరలో అతుక్కుపోయిందనీ నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

దీనికి బలమిచ్చే సాక్ష్యం పక్క రాజ్యం నుంచి దొరికింది. నైరుతిన నాజు దగ్గర బోగమ్‌రి అనే చోట, బెక్జె రాజ్య కాలపు రాత చెక్కలు బయటపడ్డాయి. ఆ రోజుల్లో కాగితం ఖరీదైన వస్తువు; రోజువారీ లెక్కలు సన్నని చెక్కపలకల మీద సిరాతో రాసేవారు. వీటి కాలం సుమారు 610. ఒక పలక మీద సాగు లెక్క ఉంది: నీటి పొలం రెండు ‘హ్యొంగ్’లు (నేల కొలత), వచ్చిన ధాన్యం 72 ‘సొక్’లు (ధాన్యం కొలత), దాని పక్కన మెట్ట ఒక ‘హ్యొంగ్’, 62 ‘సొక్’లు. ఇక్కడ నీటి పొలాన్ని రెండు అక్షరాలుగా విడివిడిగా రాశారు. తెల్ల పొలాన్ని మాత్రం ఒకే అక్షరంగా అతికించేశారు. సిల్లా లేఖకుడు చేసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. రెండు రాజ్యాల ముందూ అవే రెండు జంటలున్నాయి. ఒకరు ఒక జంటను కలిపారు, ఇంకొకరు రెండోదాన్ని కలిపారు.

ఆ బెక్జె అతుకు ఏ అక్షరమో ఈపాటికి మీకు తట్టి ఉండాలి. జపాన్‌వారు ‘హతకె’కు వాడే ‘తెలుపు, పొలం’ అక్షరం అదే. అది జపాన్ సొంత సృష్టి అని చాలాకాలం నిఘంటువులన్నీ రాశాయి. బోగమ్‌రి పలక దొరికాక ఆ మాట అంత ధీమాగా చెప్పే వీలు లేకుండా పోయింది. బెక్జె నుంచి లేఖకులు, బౌద్ధ భిక్షువులు, చేతిపనివారు జపాన్‌కు వెళ్లిన కాలం కాబట్టి ఆ అక్షరం వాళ్ల వెంటే సముద్రం దాటి ఉంటుందన్న వాదన నాకు సబబుగానే తోస్తుంది.

అక్షరం ఎందుకు నిలబడిందో అర్థం కావాలంటే పన్నుల పుస్తకం తెరవాలి. 1933లో జపాన్‌లోని నారా నగరంలో, తోదైజి ఆలయానికి చెందిన షోసోఇన్ ఖజానాలో, ఒక బౌద్ధ గ్రంథానికి చుట్టిన అట్టను మరమ్మతు చేస్తుంటే లోపల అతికించిన పాత కాగితం కనిపించింది. అది సిల్లా గ్రామాల లెక్క. ఇప్పటి చొంగ్‌జు పరిసరాల్లోని నాలుగు ఊళ్లవి. ఇళ్లెన్ని, మనుషులెందరు, ఏ వయసువారు, ఎద్దులు, గుర్రాలు, చివరకు మల్బరీ, వాల్‌నట్ చెట్లు ఎన్ని అన్నదాకా రాసి పెట్టుకున్నారు. అది ఏ సంవత్సరానిదన్న విషయంలో చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు: కొందరు 695 అంటారు, కొందరు 755 అంటారు, ఇంకొందరు 815 అంటారు. ఒక ఊరి లెక్కలో ‘దాప్’ మొత్తం 102 గ్యొల్, 2 బు, 4 సోక్. ‘జొన్’ 62 గ్యొల్, 10 బు, 5 సోక్ అని ఉంది. జనపనార పండే నేల మళ్లీ వేరుగా.

ఆ కొలతల గురించి ఒక్క మాట. పిడికెడు కంకులు ఒక ‘పా’, పది పిడికిళ్లు ఒక ‘సోక్’, అంటే కట్ట. పది కట్టలు ఒక ‘బు’, అంటే మోపు. వంద మోపులు ఒక ‘గ్యొల్’. ఆ కొలత మొదట పంటదే, తర్వాత ఆ పంట పండే నేలకూ అదే పేరు అయింది. నేల రకాన్ని బట్టి పంట మారుతుంది, పంటను బట్టి పన్ను మారుతుంది. అందువల్ల ప్రతి పద్దు ముందూ ఇది నీటి నేలా, మెట్టా అని రాయక తప్పదు. ఒక్కో ఊరికి ఎన్నో పద్దులు, రాజ్యంలో ఎన్నో ఊళ్లు. రెండు అక్షరాల చోట ఒకటి రాస్తే చేతికీ కాగితానికీ ఎంత కలిసివస్తుందో లెక్క రాసే కరణానికి చెప్పక్కర్లేదు. మనవైపు రెవెన్యూ పుస్తకాల్లోనూ జరిగింది ఇదే కదా: నిజాం ఇలాకాలో తరి, ఖుష్కి, మద్రాసు ఇలాకాలో నంజ, పుంజ. శిస్తు లెక్క నడవాలంటే నేల ముందు ఒక పొట్టి గుర్తు ఉండాలి.

శబ్దం సంగతి కొంచెం చిక్కు. ‘నీరు’ అక్షరానికి కొరియన్ శబ్దం ‘సు’, ‘పొలం’కు ‘జొన్’. ఈ రెంటినీ కలిపితే ‘దాప్’ ఎలా వస్తుంది? రాదు. ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది: చైనా లిపిలో దీనికి చాలా దగ్గరి పోలికతో ఇంకో అక్షరం ఉంది. పైన అదే నీరు. కింద పెట్టె ఉంటుంది గానీ అందులో నిలువు గీత లేదు, ఒక్క అడ్డగీతే. ఎడతెగని మాటల ప్రవాహం అని దాని పాత అర్థం. దాని కొరియన్ శబ్దం ‘దాప్’. కొత్తగా అతుక్కున్న అక్షరానికి సొంత శబ్దం లేదు కాబట్టి చూపుకు దగ్గరగా ఉన్నదాని శబ్దం దీనికి అంటుకుంది. నాకు ఇది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. అక్షరం చైనా నుంచి వస్తే దాని ఉచ్చారణ కూడా వెంట వస్తుంది. ఇంట్లో చేసుకున్నదానికి ఉచ్చారణ ఎక్కడో ఒకచోట అరువు తెచ్చుకోవాలి.

కొరియన్లు హాన్‌జాను పేరుపెట్టి పిలిచే పద్ధతి కూడా మీకు తెలిసి ఉంటే మంచిది. వాళ్లు ఉత్త శబ్దం చెప్పరు. ముందు దేశి అర్థం, వెనక శబ్దం కలిపి చెబుతారు. పిల్లలు వల్లెవేసే మొదటి అక్షరం ‘హనుల్ చొన్’: హనుల్ అంటే ఆకాశం, చొన్ దాని శబ్దం. అలాగే మన అక్షరం పేరు ‘నోన్ దాప్’. మెట్టది ‘బాత్ జొన్’. ఈ జంట పేరు లేకపోతే గందరగోళమే. ఉత్త ‘దాప్’ అంటే ‘జవాబు’ అనే అర్థమున్న మరో అక్షరం కూడా అవుతుంది. ఈ రోజుల్లో అంతా హంగుల్‌లోనే, అంటే కొరియన్ సొంత అక్షరమాలలోనే రాస్తున్నారు కాబట్టి వాక్యంలో ‘దాప్’ కనబడితే అది మడా, మాటకు మాటా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. నేను మీకు రాస్తున్నది కూడా ‘దాప్’ గురించి ‘దాప్’ అన్నమాట.

చాంగ్‌న్యోంగ్ శాసనం నాటికి హంగుల్ పుట్టడానికి ఇంకా దాదాపు తొమ్మిది వందల ఏళ్లు ఉంది. సెజోంగ్ రాజు దాన్ని 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. ఆ తర్వాత కూడా భూమి పత్రాలు శతాబ్దాలపాటు హాన్‌జాలోనే నడిచాయి. అలా ‘దాప్’ చెక్కు చెదరలేదు. ఇది తమ దేశపు వాడకమేనన్న స్పృహ అక్కడి పండితులకు ఎప్పటినుంచో ఉంది. 1614లో యి సు-గ్వాంగ్ కూర్చిన విజ్ఞాన సంకలనం ‘జిబోంగ్ యుసొల్’లో, మన దేశంలో నీటి పొలాన్ని ఇలా రాస్తారు అని ఈ అక్షరాన్నే ఉదాహరణగా ఇచ్చాడు. మీ సహోద్యోగికి వచ్చిన అనుమానం నాలుగు శతాబ్దాల కిందటే కొరియన్లు తీర్చుకున్నారు.

ఇప్పటి భాషలో ఈ అక్షరం ఒంటరిగా తక్కువ, సమాసాల్లో ఎక్కువ. ‘జొన్‌దాప్’ అంటే మెట్టా మాగాణీ కలిపి మొత్తం పొలం పుట్రా. ‘మున్‌జొన్ ఓక్‌దాప్’ అంటే గుమ్మం ముందున్న సారవంతమైన మడి. ఇంటికి దగ్గర, నీటికి దగ్గర, ఎవరికైనా ఆశ పుట్టించే ఆస్తి. ‘వితోదాప్’ అనేది పితృకార్యాల ఖర్చుకు వంశం విడిగా ఉంచిన మడి. ‘నామ్‌జొన్ బుక్‌దాప్’ అంటే దక్షిణాన ఒక మెట్ట చెక్క, ఉత్తరాన ఒక మడి, చెల్లాచెదురుగా ఉన్న భూములు. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది ‘చొన్‌సుదాప్’: ఆకాశం, నీరు, మడి. చెరువూ కాలువా లేక వాన మీదే ఆధారపడిన వరి నేల. దీనికి దేశి మాట కూడా ఉంది, ‘హనుల్‌బారాగి’, అంటే ఆకాశం వైపు చూస్తూ ఉండేది. మన వర్షాధారపు రైతుకు ఈ పేరు వివరించనక్కర్లేదు. కొరియాలో సాగునీటి పథకాలు వచ్చాక అలాంటి నేలలు బాగా తగ్గిపోయినా మాట మాత్రం పత్రికల్లో కొత్త ఉద్యోగం సంపాదించుకుంది. విదేశీ పెట్టుబడులు వస్తే లేచి, పోతే పడిపోయే స్టాక్ మార్కెట్‌ను ‘చొన్‌సుదాప్ మార్కెట్’ అని ఎత్తిపొడుస్తారు.

అయితే ‘జొన్’ ఎప్పుడూ మెట్టే అనుకోకండి. ఉప్పు పండించే చోటు ‘యొమ్‌జొన్’, చమురు క్షేత్రం ‘యుజొన్’. అక్కడ పెట్టె అక్షరానికి ‘ఏదో ఒకటి పండే నేల’ అనే విశాలమైన అర్థం. ఉప్పు దగ్గర మన భాష వేరే దారి పట్టింది. మనం ఉప్పుమడి అంటాం, వాళ్లు మెట్ట అక్షరం వాడారు.

మీ చేతిలోని పత్రం గురించి. ఫొటోలో ముద్రించిన గళ్లున్నాయన్నారు కాబట్టి అది 1910–1918 మధ్య జపాన్ వలస ప్రభుత్వం చేసిన భూమి సర్వే నాటి పద్ధతిలో తయారైన రిజిస్టరు కావచ్చు. ఆ సర్వే భూములను 18 రకాలుగా విడగొట్టింది. అక్కడ విచిత్రం ఏమిటంటే, తన దేశంలో పెట్టె అక్షరాన్ని వరి మడి అని చదివే జపాన్ గుమాస్తా, సియోల్‌లో కూర్చుని అదే అక్షరాన్ని మెట్ట అని రాయాల్సి వచ్చింది. పాలకుల అలవాటు ప్రకారం మార్చి ఉంటే ఊళ్లల్లో ఉన్న పాత దస్తావేజులన్నీ తప్పుడు అర్థంలోకి వెళ్లేవి. వలస ప్రభుత్వం ఎన్నో మార్చింది గానీ ఈ ఒక్క గడిలో సిల్లా నాటి పద్ధతికే తలవంచింది.

ఇప్పుడు దక్షిణ కొరియా చట్టంలో భూమి రకాలు 28. జాబితా ‘జొన్’తో మొదలై, రెండోది ‘దాప్’. నీటిని నేరుగా వాడి వరి, తామర, మినారి ఆకుకూర లాంటివి పండించే నేల ‘దాప్’. కూరగాయలు, మెట్ట ధాన్యాలు, ఔషధ మొక్కలు, మల్బరీ వగైరాలు నీరు నిలపకుండా పండించేది ‘జొన్’. పండ్ల తోటలు మళ్లీ వేరే రకం. ఇళ్ల స్థలం ‘దె’. ఈ ‘దె’ అక్షరం కూడా కొరియాలో చేసిందే: పైన ‘దె’ అనే శబ్దాన్నిచ్చే అక్షరం, కింద ‘మట్టి’. ఇప్పటి రిజిస్టర్లలో ఇవన్నీ హంగుల్‌లోనే ఉంటాయి.

ఎవరైనా బంధువులో స్నేహితులో అక్కడ భూమి కొనే ఉద్దేశంతో అడిగి ఉంటే ఈ ఒక్క అక్షరానికి చట్టపరంగా చాలా బరువుంది. సాగు చేసేవాడిదే సాగుభూమి అన్న సూత్రం కొరియా రాజ్యాంగం 121వ అధికరణంలో ఉంది. ‘జొన్’ గానీ ‘దాప్’ గానీ కొనాలంటే సాధారణంగా సాగుభూమి పొందే అర్హత పత్రం కావాలి. ఆ నేల మీద ఇల్లు కట్టాలంటే భూ వినియోగం మార్చుకునే అనుమతి విడిగా తీసుకోవాలి. పక్క గడిలోని అంకె ‘ప్యొంగ్’లలో ఉంటే ఒక ప్యొంగ్ సుమారు 3.3 చదరపు మీటర్లు. మీరు రాసిన 600 ప్యొంగ్‌లు దాదాపు 1,980 చదరపు మీటర్లు, అర ఎకరానికి ఒక సెంటు తక్కువ. ఊళ్లల్లో దాన్నే ‘మాజిగి’లలో చెబుతారు. ఒక ‘మల్’ (ధాన్యం కొలత) విత్తనం పట్టే నేల ఒక మాజిగి. మడికి చాలాచోట్ల 200 ప్యొంగ్‌లు అనుకుంటారు గానీ ప్రాంతాన్ని బట్టి 150 నుంచి 300 దాకా మారుతుంది. మన పాత శాసనాల్లో పుట్టెడు, తూమెడు విత్తనాల నేల అని రాసినట్టే.

ఇలాంటి గుక్‌జాలు ఇంకేమున్నాయని కూడా అడిగారు. అందరికీ తెలిసిన మనిషి పేరులో ఒకటుంది. 2016లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో గో ఆట ఆడి, ఐదింట్లో నాలుగు ఓడి, నాలుగో ఆట గెలిచిన లీ సెదోల్. ఆయన పేరు చివర ‘దోల్’ కొరియన్ అక్షరం. పైన ‘రాయి’, రాయికి దేశి మాట ‘దోల్’. కింద కొక్కెంలాంటి గీత. దాని శబ్దం ‘ఉల్’. అర్థం పైనుంచి, చివరి ‘ల్’ శబ్దం కిందనుంచి తీసుకుని, చైనా భాషలో లేని దేశి మాటను హాన్‌జాలో రాసే ఉపాయం అది. ‘దాప్’కూ దీనికీ చాలా తేడా ఉంది. ‘దాప్’ రెండు అర్థాల కలయిక. ‘దోల్’లో అర్థం ఒకటి, శబ్దం ఒకటి. జపాన్ ఆక్రమణ మీద తిరగబడిన స్వచ్ఛంద సైన్యపు నాయకుడు షిన్ దోల్-సొక్ (1878–1908) పేరులోనూ ఇదే అక్షరం.

కొరియాలోనే ప్రత్యేకమైన అర్థంలో వాడే మరో అక్షరం ‘షి’: ‘స్త్రీ’ పక్కన ‘తలపు’. భర్త తరఫువారికి సంబంధించినది అని అర్థం. షియొమొని అంటే అత్తగారు. షిదెక్ అంటే అత్తవారిల్లు. దీని మీద నెట్‌లో కథలు కోకొల్లలు: అత్తింట్లో ఆడది ఆలోచించి మసలుకోవాలని అలా చేశారని ఒకరు, పుట్టింటిని తలచుకుంటుంది కాబట్టి అని ఇంకొకరు. దయచేసి వీటిని నమ్మకండి. కుడివైపు భాగం శబ్దం కోసమే వచ్చిందన్న సాదా వివరణ చాలు. అక్షరాన్ని ముక్కలు చేసి ప్రతి ముక్కకూ నీతికథ అల్లడం ఈ రంగంలో పాత జబ్బు. ‘దాప్’ విషయంలో నేను రాయి, చెక్క, కాగితం చూపించింది అందుకే. బొమ్మ చూసి అర్థం ఊహించగానే సరిపోదు. ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కలో రాశారో దొరకాలి.

చివరగా వెతికే పద్ధతి. నిఘంటువులు హాన్‌జాలను వాటిలోని ఒక ముఖ్య భాగాన్ని, అంటే మూలాక్షరాన్ని బట్టి పేరుస్తాయి. ఇది ‘పొలం’ మూలాక్షరం కింద, అంటే 214 మూలాక్షరాల వరుసలో 102వది, అదనంగా నాలుగు గీతలు అన్న చోట ఉంటుంది. దక్షిణ కొరియా బడి పిల్లలు నేర్చుకునే 1,800 హాన్‌జాల పట్టికలోనూ ఉంది. కంప్యూటర్లో అయితే కొరియన్ కీబోర్డు పెట్టి, హంగుల్‌లో ‘దాప్’ కొట్టి, హాన్‌జా మీట నొక్కండి. ఒక చిన్న జాబితా వస్తుంది. అందులో ఒకటి ‘జవాబు’. ఎడమవైపు పాదం గుర్తు ఉన్నది ‘తొక్కు, నడిచి చూడు’. నీరు పైన ఉన్నవి రెండు కనిపిస్తాయి. వాటిలో కింది పెట్టె లోపల నిలువు, అడ్డం రెండు గీతలూ ఉన్నదే మీది. అడ్డగీత ఒక్కటే ఉన్నది పైన చెప్పిన మాటల ప్రవాహం. ఫొటో మసకగా ఉంటే పాత పత్రాలు టైపు చేసేవాళ్లు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు, కాబట్టి ఆ గడిని పెద్దది చేసి నిలువు గీత ఉందో లేదో చూసుకున్నాకే నకలు రాసుకోండి.